జీవవైవిధ్య రక్షణకు ఏ శాటిలైట్ డేటా? ఉచితమా, కొనాలా, రాడారా?

"అన్నిటికన్నా మంచి శాటిలైట్ ఏది?" అని అడిగితే జవాబు చెప్పడం కష్టం. ఆ చిత్రం చూశాక మీరు ఏ నిర్ణయం తీసుకోబోతున్నారో చెప్పండి, అప్పుడు చాలాసార్లు నిమిషంలో తేలిపోతుంది. రేపు ఉదయం గస్తీ బృందాన్ని అడవిలో ఏ వైపు పంపాలన్నది ఒక నిర్ణయం. ఈ చిత్తడి నేల ముప్పై ఏళ్లలో ఎంత కుంచించుకుపోయింది, దాన్ని రక్షిత ప్రాంతం చేయమని అడగడానికి ఆధారం ఉందా అన్నది ఇంకొకటి. ఈ మైదానంలో ఎన్ని ఏనుగులున్నాయన్నది పూర్తిగా వేరే సంగతి. ఈ మూడింటికీ కావాల్సిన డేటా మూడు రకాలు. ఒకదానికి బ్రహ్మాండంగా పనికొచ్చేది ఇంకోదానికి దండగ ఖర్చు.

నా మొగ్గు ఎటో ముందే చెప్పేస్తాను. ఉచిత డేటాతో మొదలుపెట్టండి. పదునైన చిత్రం కొనే ముందు, అదే డబ్బుతో నేల మీద ఎన్ని చోట్లు స్వయంగా చూసి రావచ్చో లెక్కేయండి. ఎందుకంటే ఉపగ్రహాలు చూసేది ఎక్కువగా ఆవాసాన్నే. చెట్ల కప్పు, నీరు, గడ్డి పచ్చబడే కాలం, మంటలు, సముద్రపు వేడి పైనుంచి తెలుస్తాయి. ఆ చెట్ల కింద జింకలున్నాయా, వేటగాళ్లు అన్నిటినీ ఊడ్చేశారా అన్నది తెలియదు. పైనుంచి నిండుగా కనిపించే అడవి లోపల ఖాళీగా ఉండొచ్చు. ఈ పరిమితి డబ్బు పెట్టినా పోదు.

ముందు చూడాల్సింది: ఇప్పటికే తయారైన మ్యాపులు

కొత్తగా ఈ పనిలోకి వచ్చినవాళ్లు చాలామంది నేరుగా చిత్రాలు డౌన్‌లోడ్ చేయడం మొదలుపెడతారు. మీకు కావాల్సిన మ్యాపు ఇప్పటికే ఎవరైనా చేసిపెట్టారేమో ముందు చూడండి. మేరీల్యాండ్ యూనివర్సిటీ 2013లో విడుదల చేసిన అడవుల మ్యాపు, 2000 తర్వాత ఏ ఏడాది ఎక్కడ చెట్ల కప్పు పోయిందో 30 మీటర్ల వివరంతో (అంటే చిత్రంలోని ఒక్కో గడి, పిక్సెల్, నేల మీద 30 మీటర్ల చదరం) ప్రపంచమంతటికీ చూపిస్తుంది. అది ఏటా అప్‌డేట్ అవుతోంది, గ్లోబల్ ఫారెస్ట్ వాచ్ సైట్‌లో బ్రౌజర్‌లోనే చూసుకోవచ్చు. చెరువులు, నదులు, చిత్తడి నేలల కోసం యూరోపియన్ కమిషన్ పరిశోధన కేంద్రం తయారుచేసిన ఉపరితల జలాల మ్యాపు ఉంది. 1984 నుంచి ఎక్కడ నీరు నిలిచింది, ఎక్కడ ఇంకిపోయింది, ఎక్కడ సీజన్‌లో మాత్రమే ఉంటుంది అన్నది అందులో దొరుకుతుంది. మడ అడవులకు గ్లోబల్ మాంగ్రోవ్ వాచ్ ఉంది. నేల మీద ఏముందో 10 మీటర్ల వివరంతో చూడాలంటే యూరోపియన్ స్పేస్ ఏజెన్సీ వారి వరల్డ్‌కవర్, గూగుల్ వాళ్ల డైనమిక్ వరల్డ్ ఉన్నాయి.

మొదటి అంచనాకు, నిధుల కోసం రాసే ప్రతిపాదనకు, పెద్ద ప్రాంతం మొత్తాన్ని ఒక చూపు చూడటానికి ఇవి చాలు. వాడేటప్పుడు మాత్రం మూడు విషయాల దగ్గర జాగ్రత్త పడాలి. ఆ అడవుల మ్యాపు చెప్పేది చెట్ల కప్పు పోవడం గురించి. అడవి నరికివేత, తోటలో పంట కోత, కార్చిచ్చు మూడూ అందులో ఒకేలా పడతాయి. పైగా దాని దృష్టిలో ఆయిల్ పామ్ తోట, రబ్బరు తోట, యూకలిప్టస్ తోట అన్నీ చెట్లే. సహజారణ్యం పోయి తోట వచ్చిన చోట, కొన్నేళ్లు గడిచాక అంతా బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. రెండోది, పద్ధతిని మధ్యలో మెరుగుపరిచారు. 2011 తర్వాత ఒకసారి, 2015 తర్వాత ఇంకోసారి మార్పును పట్టుకునే శక్తి పెరిగింది. అది తెలియక "2015 తర్వాత నరికివేత ఒక్కసారిగా పెరిగింది" అని గ్రాఫు గీస్తే, పెరిగింది నరికివేతో గుర్తించే సామర్థ్యమో చెప్పలేం. మూడోది వరల్డ్‌కవర్‌లో. 2020 మ్యాపు, 2021 మ్యాపు వేర్వేరు వెర్షన్ల పద్ధతితో చేసినవి. ఒకదాంట్లోంచి ఒకటి తీసేసి "ఏడాదిలో ఇంత మార్పు" అనకూడదు.

గడ్డిభూముల మీద పనిచేసేవాళ్లకు ఒక మాట. రెడీమేడ్ మ్యాపులు అడవినీ నీటినీ బాగానే పట్టుకుంటాయి. పలచని గడ్డి, ముళ్లపొదలు, రాతి నేల దగ్గర తడబడతాయి. జీవవైవిధ్యంతో కళకళలాడే గడ్డిభూమి వాటిలో పొదలుగానో, బంజరుగానో, ఒక్కోసారి సాగుభూమిగానో తేలుతుంది. మీ ఆవాసం ఈ కోవలోదైతే తప్పదు, సొంత మ్యాపు చేసుకోవాల్సిందే.

ల్యాండ్‌శాట్, సెంటినెల్-2: అసలు పోటీ ఇక్కడే

సొంతంగా మ్యాపు చేయాలనుకుంటే, ఉచిత చిత్రాల్లో ఎంపిక దాదాపుగా ఈ రెండింటి మధ్యే ఉంటుంది. రెంటికీ తేడా పిక్సెల్ సైజు ఒక్కటే అనుకుంటే పొరపాటే.

అమెరికా వాళ్ల మొదటి ల్యాండ్‌శాట్ 1972 జూలైలో వెళ్లింది. అప్పటి నుంచి ఆ వరస తెగలేదు. 2008లో మొత్తం పాత చిత్రాల భాండాగారాన్ని ఉచితం చేశాక ఈ రంగం రూపే మారిపోయింది. అంతకుముందు డబ్బు కట్టి రెండు మూడు తేదీల చిత్రాలు కొని సరిపెట్టుకునేవాళ్లు, ఇప్పుడు ఒకే చోటికి వందల చిత్రాలు వరసగా పేర్చి చూస్తున్నారు. ప్రస్తుతం పనిచేస్తున్న ల్యాండ్‌శాట్ 8, 9 ఒక్కొక్కటీ 16 రోజులకోసారి అదే చోటికి వస్తాయి, రెండూ కలిస్తే 8 రోజులు. పిక్సెల్ 30 మీటర్లు.

యూరప్ వాళ్ల సెంటినెల్-2లో మొదటిది 2015లో, రెండోది 2017లో వెళ్లాయి. ఎప్పుడూ రెండు ఉపగ్రహాలు జంటగా పనిచేస్తూ 5 రోజులకోసారి వస్తాయి. మొత్తం 13 బ్యాండ్లు, అంటే కాంతిని విడగొట్టి చూసే పట్టీలు. నీలం, ఆకుపచ్చ, ఎరుపు, సమీప పరారుణం 10 మీటర్ల వివరంతో ఉంటాయి. మిగతావి 20, 60 మీటర్లు. ల్యాండ్‌శాట్‌లో లేని రెడ్ ఎడ్జ్ బ్యాండ్లు ఇందులో ఉన్నాయి. ఎరుపు కాంతికీ పరారుణానికీ మధ్య ఉండే ఈ సన్నని పట్టీలో ఆకుల్లోని పత్రహరితం తేడాలు బాగా తెలుస్తాయి. దట్టమైన అడవిలో మామూలు పచ్చదనం సూచిక, అంటే ఎన్‌డీవీఐ (సమీప పరారుణం, ఎరుపు విలువల తేడాను వాటి మొత్తంతో భాగిస్తే వచ్చేది), ఒక స్థాయికి చేరాక ఇంక పెరగదు. అక్కడ రెడ్ ఎడ్జ్ ఇంకొంత సమాచారం రాబడుతుంది.

లెక్క చూస్తే ఒక హెక్టారులో ల్యాండ్‌శాట్ పిక్సెళ్లు 11 పడతాయి, సెంటినెల్‌వి 100. ఏటి ఒడ్డున 25 మీటర్ల వెడల్పున సాగే చెట్ల వరసను ల్యాండ్‌శాట్‌తో మ్యాపు చేయబోతే ప్రతి పిక్సెల్‌లోనూ సగం చెట్టు, సగం ఇసుక ఉంటాయి. మ్యాపు చేయాల్సిన వస్తువు వెడల్పు కనీసం మూడు పిక్సెళ్లైనా ఉండాలని నేను చూసుకుంటాను. ఆ లెక్కన ల్యాండ్‌శాట్‌కు 90 మీటర్లు, సెంటినెల్‌కు 30 మీటర్లు. అంతకన్నా సన్నటిదైతే వేరే దారి చూడాలి.

ఇంతవరకు సెంటినెల్‌దే పైచేయి. "ఇప్పుడు ఇక్కడ ఏముంది" అని అడిగితే నేనూ దాన్నే ఎంచుకుంటాను. దురాక్రమణ మొక్కల విషయంలో మరీను. అమెరికాలోని గ్రేట్ బేసిన్‌లో చీట్‌గ్రాస్ అనే పరాయి గడ్డి, స్థానిక మొక్కలకన్నా ముందే పచ్చబడి ముందే ఎండిపోతుంది. ఆ కొద్ది వారాల తేడాలోనే దాన్ని పట్టుకోవాలి. అంత చిన్న వ్యవధిలో మబ్బు లేని చిత్రం దొరకాలంటే 5 రోజులకోసారి వచ్చేది ఉండటం పెద్ద బలం.

"ఏం మారింది" అన్నది ప్రశ్న అయితే మాత్రం నా ఓటు ల్యాండ్‌శాట్‌కే. వెనక్కి వెళ్తే సెంటినెల్ రికార్డు 2015 దగ్గరే ఆగిపోతుంది. వరసగా కరువులు వచ్చి తర్వాత మంచి వానలు పడే ప్రాంతాల్లో, పదేళ్ల గ్రాఫు చూసి ఇది నిజంగా క్షీణతా, ఊరికే వానల ఊగిసలాటా అని తేల్చలేం. ల్యాండ్‌శాట్‌కు 1984 నుంచి 30 మీటర్ల చిత్రాలున్నాయి. అంతకుముందు పదేళ్లవి ఇంకా మొరటుగా ఉంటాయి, అయినా ఆనకట్ట కట్టకముందు నది ఎలా ఉండేదో తెలియాలంటే అవే దిక్కు. ఈ పొడవైన రికార్డుకు కన్నాలు లేవని కాదు. 2003 మే నెలాఖరులో ల్యాండ్‌శాట్ 7లో ఒక భాగం చెడిపోయి, అప్పటి నుంచి ప్రతి చిత్రంలోనూ దాదాపు 22 శాతం చారలు చారలుగా ఖాళీ. 1980, 90 దశకాల్లో చాలా ప్రాంతాలకు చిత్రాలు పలచగా దొరుకుతాయి, ఎందుకంటే అప్పట్లో దగ్గర్లో గ్రౌండ్ స్టేషన్ ఉన్న చోటే డేటా ఎక్కువగా దిగేది. మీ ప్రాంతానికి ఏ ఏడాది ఎన్ని మబ్బులేని చిత్రాలున్నాయో ముందు లెక్కపెట్టుకుని, ఆ తర్వాతే "30 ఏళ్ల ధోరణి" అని మాట ఇవ్వండి. ఉపరితల ఉష్ణోగ్రత కావాల్సినవాళ్లకు ఎలాగూ ల్యాండ్‌శాటే, సెంటినెల్-2లో థర్మల్ బ్యాండ్ లేదు.

రెండూ కావాలంటే నాసా వాళ్లు రెండు వరసల చిత్రాల్నీ సరిపోల్చి 30 మీటర్లకు తెచ్చిన హార్మొనైజ్డ్ డేటా ఉంది. 2, 3 రోజులకో చిత్రం దొరుకుతుంది. సీజన్ మార్పుల్ని దగ్గరగా గమనించాలంటే ఇది హాయి.

సెంటినెల్-2 వాడేవాళ్లను ఇప్పటికీ కంగారు పెట్టే ఒక సంగతి చెప్పాలి. 2022 జనవరి 25 నుంచి యూరోపియన్ స్పేస్ ఏజెన్సీ ప్రాసెసింగ్ పద్ధతి మార్చి, పిక్సెల్ విలువలన్నిటికీ 1000 కలపడం మొదలుపెట్టింది. వాడేటప్పుడు దాన్ని మనం తీసేయాలి. తీయకపోతే ఏమవుతుందో చూడండి. ఎరుపు 400, సమీప పరారుణం 3600 ఉన్న పిక్సెల్‌కు ఎన్‌డీవీఐ 0.8 రావాలి. రెంటికీ 1000 కలిస్తే అది 0.53కు పడిపోతుంది. అడవికి ఏమీ కాలేదు, గ్రాఫులో మాత్రం జనవరి చివర్లో ఎండిపోయినట్టు ఉంటుంది. చిత్రాల్ని ఆన్‌లైన్‌లోనే ప్రాసెస్ చేసే గూగుల్ ఎర్త్ ఇంజిన్‌లో హార్మొనైజ్డ్ అని ఉన్న కలెక్షన్ ఎంచుకుంటే ఈ తలనొప్పి ఉండదు. ఎవరైనా 2022లో హఠాత్తుగా పచ్చదనం తగ్గిందని చూపిస్తే నేను మొదట అడిగేది ఇదే.

మబ్బులు వదలని చోట రాడార్

భూమధ్యరేఖ దగ్గరి వర్షారణ్యాల్లో నెలల తరబడి మబ్బు లేని చిత్రం దొరకదు. నరికేవాళ్లకు ఆ నెలలు చాలు. రాడార్ తన సొంత మైక్రోవేవ్ కిరణాలను పంపి తిరిగొచ్చినదాన్ని కొలుస్తుంది కాబట్టి మబ్బు, చీకటి అడ్డు కావు.

ఇక్కడ చూసుకోవాల్సింది తరంగం పొడవు. ఉచితంగా, క్రమం తప్పకుండా దొరికే సెంటినెల్-1ది సి-బ్యాండ్, సుమారు 5.6 సెంటీమీటర్లు. అది పై ఆకులకూ చిన్న కొమ్మలకూ తగిలి వెనక్కి వచ్చేస్తుంది. నరికివేతను కనిపెట్టడానికి ఇది చాలు. జపాన్ వాళ్ల ఆలోస్ ఉపగ్రహాల ఎల్-బ్యాండ్ సుమారు 24 సెంటీమీటర్లు ఉండి, ఆకులు దాటి పెద్ద కొమ్మలు, మానుల దాకా వెళ్తుంది. మునిగిన అడవిలో అయితే నీటికీ మానుకూ రెండింటికీ తగిలి బలంగా తిరిగొస్తుంది. చెట్ల కింద వరద నిలిచిందో లేదో తెలుసుకోవాలంటే ఎల్-బ్యాండ్‌కు సాటి లేదు. నాసా, ఇస్రో కలిసి 2025 జూలైలో పంపిన నైసార్ ఎల్, ఎస్ రెండు బ్యాండ్లతో 12 రోజులకోసారి తిరిగొచ్చేలా రూపొందింది. చిత్తడి అడవుల మీద పనిచేసేవాళ్లు కన్నేసి ఉంచాల్సిన ఉపగ్రహం ఇది. 2025 ఏప్రిల్‌లో వెళ్లిన యూరప్ బయోమాస్‌ది ఇంకా పొడవైన పి-బ్యాండ్, దాదాపు 70 సెంటీమీటర్లు. చెట్లలో నిల్వ ఉన్న కార్బన్‌ను అంచనా కట్టడం దాని పని. ఒక చిన్న వనం హద్దు గీయడానికి అది సరిపోదు.

రాడార్ చిత్రం మొదటిసారి చూసినవాళ్లు నిరాశపడటం మామూలే. గింజలు గింజలుగా, నలుపు తెలుపుల్లో ఉంటుంది. కొండ వాలులు వంగినట్టు కనిపిస్తాయి, వెనక వాలు నీడలో పోతుంది. వాన పడి నేల తడిస్తే విలువలు మారి, మార్పు జరిగిందని తప్పుడు అలర్ట్ రావచ్చు. అందుకే మీ దగ్గర రాడార్ తెలిసినవాళ్లు లేకపోతే ముడి డేటా జోలికి పోవద్దని నా సలహా. సెంటినెల్-1తో నడిచే రాడ్ అనే నరికివేత అలర్ట్‌లు ఉష్ణమండల వర్షారణ్యాలకు 10 మీటర్ల వివరంతో గ్లోబల్ ఫారెస్ట్ వాచ్‌లోనే దొరుకుతాయి. ల్యాండ్‌శాట్‌తో నడిచే గ్లాడ్ అలర్ట్‌లనూ పక్కన పెట్టి చూడండి. రెండూ ఒకే చోటును చూపిస్తే బృందాన్ని పంపడానికి ఆలోచించక్కర్లేదు.

ఆకురాల్చే అడవుల్లో, పొడి సీజన్ స్పష్టంగా ఉండే చోట్ల రాడార్ మీద అంత ఆశ పెట్టుకోనక్కర్లేదు. ఆ సీజన్‌లోని మామూలు చిత్రాలే చాలు. ఇంకో సంగతి, 2021 డిసెంబరులో సెంటినెల్-1బి విద్యుత్ లోపంతో మూగబోయింది. దాని స్థానంలోకి వచ్చే 1సి మళ్లీ 2024 డిసెంబరుకు గానీ వెళ్లలేదు. ఆ మూడేళ్లు చాలా ప్రాంతాలకు రాడార్ చిత్రాలు సగానికి తగ్గాయి. మీ నిఘా మొత్తాన్ని ఒకే ఉపగ్రహం మీద కట్టకండి.

డబ్బు పెట్టి కొనాల్సింది ఎప్పుడు?

వరల్డ్‌వ్యూ-3 లాంటి వాణిజ్య ఉపగ్రహాల చిత్రంలో పిక్సెల్ 31 సెంటీమీటర్లే. ఒక్కో చెట్టు కొమ్మల గుబురు, పడవ, ఏనుగు కనిపిస్తాయి. దక్షిణాఫ్రికాలోని ఆడో ఏనుగుల పార్కులో ఈ తరహా చిత్రాల్లో కంప్యూటర్ చేత ఏనుగుల్ని గుర్తింపజేసిన పరిశోధన 2020 చివర్లో వచ్చింది. మనుషులు చూసి గుర్తించినదానికి దీటుగానే కంప్యూటర్ పట్టుకుంది. 2023లో సెరెంగెటి, మారా మైదానాల్లో 38 నుంచి 50 సెంటీమీటర్ల చిత్రాల నుంచి దాదాపు 5 లక్షల వైల్డ్‌బీస్ట్‌లనూ జీబ్రాలనూ లెక్కించారు.

ఇవి చదివి ఉత్సాహపడే ముందు ఆ చోట్లను గమనించండి. ఆరుబయలు, పెద్ద శరీరం, నేలతో కొట్టొచ్చినట్టు కనిపించే రంగు తేడా. ఈ మూడూ కుదిరితేనే లెక్క తేలుతుంది. చెట్ల కింద తిరిగే జంతువులకు, రాత్రిపూట తిరిగేవాటికి, కుక్క సైజు కన్నా చిన్నవాటికి ఈ చిత్రాలు దండగ. అక్కడ కెమెరా ట్రాప్, శబ్దం రికార్డు చేసే పరికరం, కాలినడక సర్వే, ఇవే.

పదును లేకుండానే జంతువుల్ని కనిపెట్టిన కథ ఇంకా ఆసక్తిగా ఉంటుంది. ఎంపరర్ పెంగ్విన్లు 30 మీటర్ల పిక్సెల్‌లో కనిపించే ప్రశ్నే లేదు. కానీ తెల్లటి మంచు మీద వాటి రెట్టల గోధుమరంగు మరక కనిపిస్తుంది. బ్రిటిష్ అంటార్కిటిక్ సర్వే శాస్త్రవేత్తలు 2009లో ల్యాండ్‌శాట్ చిత్రాల్లో ఆ మరకలు వెతికి కాలనీల్ని మ్యాపు చేశారు. సెంటినెల్-2 వచ్చాక, 2020లో ఇంకో 11 కాలనీల్ని ప్రకటించారు. వాటిలో 3 ఇంతకుముందు ఉన్నాయేమోనని అనుకున్నవి. అంటార్కిటిక్ ద్వీపకల్పం కొన దగ్గర డేంజర్ ఐలాండ్స్‌లో అడెలీ పెంగ్విన్ల జాడ కూడా మొదట ల్యాండ్‌శాట్‌లో రెట్టల మరకగానే దొరికింది. ఆ తర్వాత మనుషులు పడవలో వెళ్లి, డ్రోన్లతో ఫొటోలు తీసి లెక్కిస్తే 7.5 లక్షలకు పైగా జతలు తేలాయి. ఎక్కడ వెతకాలో ఉచిత చిత్రం చెప్పింది, ఎన్ని ఉన్నాయో దగ్గరి నుంచి లెక్కించారు. ఖర్చు విషయంలో ఇంతకన్నా తెలివైన క్రమం నాకు తెలియదు. మీ జంతువు నేల మీద వదిలే పెద్ద గుర్తు ఏమైనా ఉందా అని ఒకసారి ఆలోచించండి. బీవర్ల ఆనకట్టల వెనక నిలిచే నీళ్లు, గుంపు మేసిన గడ్డి రంగు, ఇలాంటివి.

కొనాల్సే వస్తే, కొత్తగా తీయించుకునే చిత్రం కన్నా భాండాగారంలో ఉన్న పాత చిత్రం చౌక. ఏదైనా కనీస విస్తీర్ణం కొనాలంటారు కాబట్టి చిన్న చోటుకు కూడా పెద్ద బిల్లు వస్తుంది. మబ్బు శాతం ఎలాగూ చూస్తారు. ఉపగ్రహం ఎంత ఏటవాలుగా తీసిందో, ఏ సీజన్‌లో తీసిందో కూడా అడగండి. లైసెన్సు చదవండి. చాలావాటిలో చిత్రాన్ని ఇతరులకు పంచుకోకూడదన్న షరతు ఉంటుంది, కోర్టులో ఆధారంగా పెట్టాలన్నా, స్థానిక సంఘాలకు ఇవ్వాలన్నా అది అడ్డం తిరుగుతుంది.

ప్లానెట్ సంస్థ చిన్న ఉపగ్రహాల గుంపు మధ్యేమార్గం. సుమారు 3 మీటర్ల వివరం, దాదాపు రోజుకో చిత్రం. అక్రమ గనులు, కొత్త దారులు పట్టుకోవడానికి ఇది బాగుంటుంది. ఒకే ఉపగ్రహం కాదు కాబట్టి ఒక రోజుకీ ఇంకో రోజుకీ రంగు విలువలు కాస్త తేడాగా ఉంటాయి, సూక్ష్మమైన ధోరణులకు నేను దాన్ని వాడను. ఉష్ణమండల అడవులకు ఈ చిత్రాల నెలవారీ మొజాయిక్‌లు (ముక్కలు కలిపి అతికించిన చిత్రాలు) ఉచితంగా అందేలా నార్వే ప్రభుత్వం 2020లో డబ్బు కట్టింది. ఇలాంటి పథకాలకు గడువు, షరతులు ఉంటాయి కాబట్టి దీర్ఘకాల ప్రణాళికను వాటి మీద ఆనించకూడదు. చూడాల్సింది వంద హెక్టార్ల లోపే అయితే, అనుమతులు దొరికి, పక్షుల గూళ్లు చెదరవనుకుంటే డ్రోన్ చాలాసార్లు మెరుగు.

మొరటు పిక్సెలే సరైన చోట

పిక్సెల్ ఎంత చిన్నదైతే అంత మంచిదన్న నమ్మకానికి పగడపు దిబ్బలు మంచి విరుగుడు. దిబ్బ తెల్లబారుతుందా లేదా అని ముందే హెచ్చరించేది అమెరికా నోవా సంస్థ వాళ్ల కోరల్ రీఫ్ వాచ్. దాని పిక్సెల్ 5 కిలోమీటర్లు! సముద్రపు వేడి మామూలును మించి ఎంత ఎక్కువగా, ఎన్ని వారాలు పేరుకుందో కలిపి చూస్తుంది. డిగ్రీ-వారాల్లో ఆ లెక్క 4 దాటితే తెల్లబారడం చెప్పుకోదగ్గ స్థాయిలో ఉండొచ్చు, 8 దాటితే పగడాలు చచ్చిపోయే ముప్పు. నీటి వేడి ఐదు కిలోమీటర్లలో పెద్దగా మారదు కాబట్టి అంతకన్నా పదును అక్కర్లేదు. రోజూ రావడమే ముఖ్యం. దిబ్బ ఆకారం, లోతు తక్కువ ప్రాంతాల మ్యాపు కావాలంటే అప్పుడు సెంటినెల్-2 లేదా అలెన్ కోరల్ అట్లాస్ చూడండి. పరారుణ కాంతి నీటిలోకి పోదు, నీలం, ఆకుపచ్చ బ్యాండ్లే దిక్కు, అదీ నీరు తేటగా ఉంటేనే.

మంటలదీ ఇదే తంతు. మంటల్ని పట్టుకునే ఉపగ్రహ సెన్సార్లలో మోడిస్ 1 కిలోమీటరు, విర్స్ 375 మీటర్లు. నాసా ఫర్మ్స్ సైట్‌లో కొద్ది గంటల్లో అలర్ట్ వచ్చేస్తుంది, ఫోన్‌కు మెయిల్ పెట్టుకోవచ్చు. ఉపగ్రహం దాటిపోయాక అంటుకుని, మళ్లీ వచ్చేలోపు ఆరిపోయిన చిన్న మంట మాత్రం కనిపించదు. కాలిన విస్తీర్ణం లెక్కకు తర్వాత సెంటినెల్-2తో చూసుకోండి.

లైడార్, హైపర్‌స్పెక్ట్రల్ గురించి ఎక్కువ చెప్పను. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం మీది జెడి లేజరు, చెట్ల ఎత్తునూ అడవి లోపలి పొరలనూ 25 మీటర్ల చుక్కల్లో కొలుస్తుంది. అవి చుక్కలే, నిండు చిత్రం కాదు. ఉత్తరాన, దక్షిణాన 51.6 డిగ్రీల అక్షాంశం దాటి ఉండవు. గూళ్లకు పెద్ద చెట్లు కావాల్సిన పక్షుల ఆవాసాన్ని అంచనా కట్టేవాళ్లకు విలువైనది. జర్మనీ ఎన్‌మ్యాప్, ఇటలీ ప్రిస్మా వందల సన్నని బ్యాండ్లలో చూస్తాయి, పిక్సెల్ 30 మీటర్లు. చెట్ల జాతుల్ని విడదీయొచ్చని ఆశ పెడతాయి, కానీ వర్షారణ్యంలో ఒక్క పిక్సెల్‌లోనే చాలా జాతులుంటాయి. పరిశోధకులకు వదిలేయండి.

నేల మీది డేటా ఖర్చు

"మా మ్యాపు 95 శాతం కచ్చితం" అని చెబితే పొంగిపోవద్దు. ఒక అడవిలో మార్పు జరిగింది 1 శాతం భూమిలో అనుకోండి. ఏమీ చూడకుండా "ఎక్కడా మార్పు లేదు" అని రాసిచ్చిన కాగితం కూడా 99 శాతం కచ్చితమే. అడగాల్సింది మార్పు జరిగిందన్న చోట్లలో ఎన్ని నిజం, నిజంగా మారిన చోట్లలో ఎన్నిటిని మ్యాపు వదిలేసింది అన్నది. అందుకు మార్పు తరగతిలోంచి, మారని తరగతిలోంచి విడివిడిగా యాదృచ్ఛికంగా చోట్లు ఎంచుకుని పరిశీలించాలి. విస్తీర్ణాన్ని పిక్సెళ్లు లెక్కపెట్టి ప్రకటించకుండా, ఆ నమూనా నుంచి అంచనా కట్టి, ఎంత అటూ ఇటూ కావచ్చో కూడా చెప్పాలి. ఈ పనికి బడ్జెట్‌లో చోటు పెట్టని ప్రాజెక్టు చూస్తే నాకు టెన్షన్. చిత్రాలకు పెట్టే డబ్బును ఇటు మళ్లించమని అడుగుతాను.

ప్రాసెసింగ్‌కు గూగుల్ ఎర్త్ ఇంజిన్ తేలిక, ఏళ్ల తరబడి చిత్రాల్ని డౌన్‌లోడ్ లేకుండా నడిపించవచ్చు. ఇంటర్నెట్ సరిగ్గా లేని క్షేత్ర కార్యాలయానికి క్యూజీఐఎస్ అనే ఉచిత మ్యాపింగ్ సాఫ్ట్‌వేర్‌తో కొన్ని చిత్రాలు సొంత కంప్యూటర్‌లో పెట్టుకోవడమే నయం.

సందర్భాన్ని బట్టి నా ఎంపిక

తీరప్రాంతపు మడ అడవి పదేళ్లకోసారి ఎలా మారిందో చూడాలంటే ముందు గ్లోబల్ మాంగ్రోవ్ వాచ్, హద్దుల దగ్గర అనుమానం ఉంటే సెంటినెల్-2. సన్నని మడ వరసలు రెండింటిలోనూ సరిగ్గా రావు, అక్కడ డ్రోన్. వలస పక్షులు దిగే చిత్తడి నేలకు నీటి చరిత్ర జల మ్యాపులోంచి, ఈ సీజన్ నీరు సెంటినెల్-1, 2 కలిపి. రెల్లు, తామర నీటిని కప్పేస్తే మామూలు చిత్రంలో అది నేలలా కనిపిస్తుందని గుర్తుపెట్టుకోండి. ఏనుగులు, పులులు దాటే కారిడార్‌లో కొత్త దారులు, కంచెలు, ఇటుక బట్టీలు పట్టుకోవాలంటే 10 మీటర్లు చాలవు, ఇక్కడ డబ్బు పెట్టి కొనడం న్యాయమే, అదీ మొత్తం ప్రాంతానికి కాకుండా ఇరుకైన మెడ లాంటి చోటుకు మాత్రం. పునరుద్ధరణలో నాటిన మొక్కలు బతికాయా అన్నదానికి మొదటి నాలుగైదేళ్లు ఏ ఉచిత ఉపగ్రహాన్నీ నమ్మను. చిన్న మొక్క కన్నా చుట్టూ లేచిన గడ్డే పిక్సెల్‌ను నింపుతుంది, పచ్చబడిందన్న సంతోషం కలుపు వల్ల కావచ్చు. నడిచి లెక్కపెట్టాలి.

మ్యాపు సిద్ధమయ్యాక బయటపెట్టే ముందు ఒక పని ఉంది. అరుదైన జాతుల గూళ్లు, గుహలు, గుమిగూడే చోట్లు, విలువైన కలప మిగిలిన తావులు కచ్చితమైన అక్షాంశ రేఖాంశాలతో ఆన్‌లైన్‌లో పెడితే వేటగాళ్లకూ స్మగ్లర్లకూ దారి చూపినట్టే. ఫైలును రెండు వెర్షన్లుగా చేయండి. అసలు చుక్కలున్నది క్షేత్ర బృందం దగ్గర పాస్‌వర్డ్‌తో ఉంటుంది, బయటికి వెళ్లేదాంట్లో చుక్కల్ని తీసేసి 10 కిలోమీటర్ల గడులుగా మార్చాలి. రిపోర్టులో వేసే స్క్రీన్‌షాట్ మూలలో కోఆర్డినేట్లు మిగిలిపోయాయేమో, డ్రోన్ ఫొటోల్లో జీపీఎస్ ట్యాగ్ ఉందేమో కూడా చూసుకోండి.